కాకికి మాటిచ్చిన ఫైలు

మా తమ్ముడు పరమేశ్ పేరున పిట్టకు పెట్టిన రోజు కాకి రాలేదు.

వచ్చింది కానీ దిగలేదు అనాలి. మా సొంతూరు దోమ దగ్గర చెలక గట్టు మీద విస్తరి పరిచి, వాడికి ఇష్టమైనవన్నీ వడ్డించి, అందరం దూరం జరిగి నిలబడ్డాం. బగారా అన్నం, మటన్ కూర, పల్లీ పట్టీలు, గ్లాసెడు కూల్‌డ్రింక్. వాడితో కలిసి పనిచేసిన మల్లిక ఒక సోల్డరింగ్ తీగ ముక్క కూడా పక్కన పెట్టబోతే, తిని కాకి చస్తుందని మా మల్లప్ప పెదనాన్న లాగేశాడు. కాకి మాత్రం కరెంటు తీగ మీద కూర్చుని పక్క చెలకలోని కంది చేనును చూస్తోంది.

పోయినవాళ్లకు ఏదైనా కోరిక మిగిలిపోతే కాకి ముట్టదని మా వైపు అంటారు. అందుకని చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చి మాట ఇవ్వడం మొదలుపెట్టారు.

“మీ అమ్మను మంచిగ చూస్కుంటం, తిను కొడుకా” అంది మేనత్త.

“పెండ్లి చెయ్యకపోతిమని కోపం మీదున్నడు” అన్నాడు పెదనాన్న. “వచ్చే జన్మల జేస్తం గని తినురా.”

కాకి మెడ కూడా తిప్పలేదు. ఎండ ముదురుతోంది. పిల్లలు మటన్ వైపు చూస్తున్నారు. అప్పుడు మల్లిక చెప్పులు విడిచి గట్టు దాకా నడిచి, తీగ వైపు తలెత్తి అరిచింది.

“పరమేశూ! నీ ఫైలు నేనెక్కిస్త. గా తప్పులాయనతోని సరే అనిపిస్త. సతాయించకు, తిను!”

కాకి దిగింది. అన్నం ముట్టలేదు, పట్టీలు ముట్టలేదు. ఒక మటన్ ముక్క ఏరుకుని ఎగిరిపోయింది. వాడు కూడా అలాగే తినేవాడు.

నేను నవాబుపేట హైస్కూల్లో తెలుగు చెబుతాను. కాకులను నమ్మను. కానీ ఊరంతా చూసింది. ఇంటికి వెళ్లే దారిలో పెదనాన్న నన్ను పక్కకు పిలిచి, “ఏ ఆఫీసుల ఆగిందే ఫైలు? ఎమ్మార్వో ఆఫీసుల మనోడున్నడు, మాట్లాడ్తా” అన్నాడు. ఆ ఫైలు అలాంటిది కాదని చెప్పాను. “అన్ని ఫైళ్లు అసొంటియే” అన్నాడు.

ఆ ఫైలు సంగతి చెప్పాలి. తాండూరులో బండలు పాలిష్ చేసే షెడ్లున్నాయి కదా. తిరిగే చక్రం కింద బండ, పైనుంచి నీళ్లు. నీళ్లు ఆగితే బండ మాడుతుంది, దుమ్ము లేచి మనుషుల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పరమేశ్, మల్లిక కలిసి అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు ఒకటి చేశారు. నీళ్లు ఆగగానే అది మోటారును ఆపాలి, బజర్ మోగించాలి. అంతే పని. అంత పనికి వాళ్లు పడ్డ తిప్పలు చూసి, ఆ మాత్రానికి ఒక మనిషిని కూర్చోబెడితే సరిపోదా అని నేను ఒకసారి అన్నాను. ఆ మనిషి ఊపిరితిత్తుల సంగతేమిటని పరమేశ్ అడిగాడు. వాడు నాతో సీరియస్‌గా మాట్లాడిన సందర్భాలు తక్కువ. అది ఒకటి.

అలాంటి బోర్డుకు ఒక వివరణ రాయాలి. ఏ తీగ మోటారుకు పోతుంది, ఏది నీళ్ల సెన్సరుది, బజర్ చిప్పుకున్న ఏ పిన్ను మీద ఉంది, ఇవన్నీ కంప్యూటర్ చదివే భాషలో. అమ్మ అడిగితే వాడు గొర్రెల లెక్కలో చెప్పాడు. “నాయన మందను కొత్త కాపరికి ఒప్పజెప్పేటప్పుడు ఏం జెప్పేటోడమ్మా? గిది పొడుస్తది, గిది తప్పిపోతది, గా నల్లదానికి ఒక కన్ను లేదు అని. గంతే. కంప్యూటర్ పొద్దుగాల లేసినప్పుడు కొత్త కాపరి. దానికేం తెల్వది.” మా అమ్మ సుమిత్రమ్మ పెళ్లయి వచ్చినప్పటి నుంచి మందను చూసిన మనిషి. వెంటనే అర్థమైంది. “మరి అబద్ధం జెప్తే?” అంది. “కాపరి ఆగమైతడు” అన్నాడు.

ఆ ఫైలును లినక్స్‌లో చేర్పించాలని వాడి పట్టుదల. కంప్యూటర్లను నడిపే ప్రోగ్రాం అది, ప్రపంచంలోని వాళ్లంతా కలిసి రాసుకుంటారు. అందులో ఎక్కితే, ఇకముందు వచ్చే ప్రతి కొత్త లినక్స్‌కూ తాండూరు బోర్డు పుట్టుకతోనే తెలుస్తుంది. కానీ ఎక్కే ముందు చూసేవాళ్లు చూస్తారు. మా ఫైలు చూసే ఆయన ఏ దేశంలో ఉంటాడో మాకు తెలియదు. ఒక్కో వరుస కిందా ఒక్కో తప్పు రాసి పంపేవాడు. అమ్మ ఆయనకు తప్పులాయన అని పేరు పెట్టింది. పరమేశ్ పెట్టిన పేర్లు వేరే. అవి ఇంగ్లిష్‌లో పెట్టి, ఆయనకే పంపేవాడు. మోటారు వరుస దగ్గరైతే ఇద్దరూ చాన్నాళ్లు వాదించుకున్నారు. అలా చాలాసార్లు పంపడం, చాలాసార్లు తిప్పికొట్టడం అయ్యాక, ఒక పొద్దున టీ తాగుతూ వాడి గుండె ఆగింది. ముప్పై నిండలేదు.

మా స్కూల్లో మౌనం పాటించారు. ఆ మౌనంలో మా హెడ్‌మాస్టరు ఫోను పెళ్లి బ్యాండ్ పాటతో మోగింది. దేవుడికి మంచివాళ్లే కావాలి మేడం అని ఒకరన్నారు. పరమేశ్‌ను ఎరిగినవాళ్లు ఎవరూ ఆ మాట అనరు.

దినాలు అయిపోయాక మల్లిక వికారాబాద్‌లోని మా ఇంటికి వచ్చి వాడి లాప్‌టాప్ తెరిచింది. తప్పులాయన ఉత్తరం ఒకటి జవాబు లేకుండా ఉంది.

“అక్కా, పరమేశ్ పేరు మీదనే జవాబిద్దాం” అంది మల్లిక.

“ఎందుకు?”

“మనిషి లేడని తెలిస్తే, ఈ ఫైలును ఇంకెవ్వలు చూస్కుంటరని పక్కకు పెడ్తరేమోనని భయం. ఒక్కపారి ఎక్కిందంటే పేరు పోదు. కోడ్ సంగతి నేను చూస్కుంట. ఉత్తరాలు నువ్వు రాయి. నువ్వు టీచర్‌వి, మంచిగ రాస్తవ్.”

ఆ ‘మంచిగ’లోనే తప్పుంది. మేమిద్దరం గమనించలేదు.

స్టేషన్ దగ్గర జిరాక్సు షాపులో ఫైలు ప్రింటు తీయించుకున్నాను. ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నాను. నేను ఒక వరుస పైకి చదువుతాను. మల్లిక బోర్డు డ్రాయింగు మీద ఆ భాగం వెతికి వేలు పెడుతుంది. వేలు పెట్టడానికి ఏమీ లేకపోతే ఆ వరుస తప్పు. ఈ ఫైళ్ల పద్ధతి నాకు నచ్చింది. బోర్డు మీద ఉన్నదే రాయాలి. ఉంటే బాగుండు అనుకున్నది రాయకూడదు. దానితో ఏం చేయాలనుకుంటున్నారో కూడా రాయకూడదు. మా పిల్లల వ్యాసాలకు ఈ నియమం పెడితే ఒక్క పేజీ కూడా మిగలదు.

మోటారు వరుస పక్కన పరమేశ్ ఒక వ్యాఖ్య రాసుకున్నాడు: దీన్ని ముట్టకండి, ఇది తిరిగి ముడుతుంది. పనికొచ్చే వ్యాఖ్యలు మాత్రమే ఉంచండి అని దాని కింద తప్పులాయన.

“గిది తీసెయ్యాల్నా అక్కా?” అంది మల్లిక. ఆమె చేయి కీబోర్డు మీదే ఉంది, కదలలేదు.

నేను ఎర్ర పెన్నుతో కొట్టేశాను. పిల్లల కాపీల్లో మంచి వాక్యాలు చాలా కొట్టేశాను.

ఉత్తరంలో చివరి ప్రశ్న బజర్ గురించి. సిగ్నల్ ఎక్కువైతే మోగుతుందా, తక్కువైతే మోగుతుందా? ఫైలులో ఒకటుంది, దాని ముందుమాటలో ఇంకొకటుంది. ఈ బోర్డు మీద మీరు విన్నారా? మల్లిక డ్రాయింగు చూసి, తక్కువైతేనే అంది. నేను నాకు వచ్చిన పాఠ్యపుస్తకం ఇంగ్లిష్‌లో రాశాను. గౌరవనీయులైన అయ్యగారికి నమస్కారాలు. తమరు సూచించిన దోషాలన్నీ సవరించితిమి. బజర్ సిగ్నల్ తక్కువైనప్పుడు మోగును. ఈ బోర్డు మీద నేను స్వయముగా విన్నాను. తమ విధేయుడు, పరమేశ్.

అబద్ధం ఒక్క వాక్యంలో అయిపోయింది. పిల్లలు ఇంతకంటే పొడుగ్గా చెబుతారు. బోర్డు ఫొటో ఉంటే పంపమని కూడా ఆయన అడిగాడు కాబట్టి, మల్లిక తన ఫోనులో ఉన్నది ఒకటి జత చేసింది.

జవాబు తొందరగానే వచ్చింది. ఆయన ఇంగ్లిష్‌ను నా మాటల్లో చెబుతున్నాను.

‘ఫొటో చూశాను. బజర్ ఉండాల్సిన చోట రెండు ఖాళీ రంధ్రాలు కనిపిస్తున్నాయి. ఈ బోర్డు మీద విన్నానని రాశారు. ఎలా విన్నారు? ఇంకొకటి. పోయినసారి మీరు నన్ను మొండి దున్నపోతు అన్నారు. ఇప్పుడు గౌరవనీయులైన అయ్యగారు అంటున్నారు. మీ ఆరోగ్యం బాగుందా?’

మల్లిక అది రెండుసార్లు చదివింది. “జరమొచ్చి తగ్గిందని రాద్దామా?” అంది.

“ముందు బోర్డు చూద్దాం” అన్నాను.

ఆదివారం తాండూరు రైలెక్కాం. బోర్డు చెన్నయ్య షెడ్డులో ఉంది. చెన్నయ్య పాలిష్ షెడ్డు యజమాని. మొదట్లో వీళ్లను నమ్మకపోయినా గోడ మాత్రం ఇచ్చిన మనిషి. షెడ్డులో అన్నిటి మీదా తెల్లటి బండ బురద ఎండిపోయి ఉంది. కుర్చీలు, స్విచ్చులు, చెన్నయ్య కనుబొమ్మలు అన్నీ ఒకే రంగు. చక్రాల మోతలో ఒకరి మాట ఒకరికి వినబడదు. సేడం వైపు నుంచి వచ్చిన పనివాళ్లు ఒకరినొకరు కన్నడంలో కేకలేసుకుంటున్నారు. బోర్డును ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో పెట్టి గోడకు మేకు కొట్టారు. మూత మీద పరమేశ్ చేతిరాతలో ‘ఇందులో అన్నం లేదు’ అని ఉంది.

మూత తీశాం. నిజమే. రెండు ఖాళీ రంధ్రాలు.

“మామా, బజర్ ఏమైంది?” అని మల్లిక చెన్నయ్య చెవిలో అరిచింది.

“ఏందీ?”

“బజర్! కూసేది!”

చెన్నయ్య మమ్మల్ని బయట వేపచెట్టు నీడకు తీసుకొచ్చాడు. “గదా. నేనే వద్దన్న. గీ మోతల నీ పిట్టకూత ఎవ్వనికి ఇనబడ్తదిరా అన్న. మోటర్ ఆగితే సాలు, ఆగినట్టు అందరికి తెలుస్తది, సప్పుడు బందైతది గద అన్న. గాయినె జరసేపు ఆలోచించిండు. ‘మామా, ఇది ఇనబడే జాగ ఒకటున్నది’ అని పీకి జేబుల ఏసుకున్నడు. నా దగ్గర స్క్రూలు గూడ ఓ రెండు తీస్కపోయిండు, టీచరమ్మ. మీకని చెప్తలేను, గుర్తొచ్చింది.”

“ఎక్కడికని చెప్పలేదా?” అంది మల్లిక.

నాకు తెలిసింది. ఆ రెండు స్క్రూలు ఎక్కడున్నాయో కూడా తెలిసింది.

మా ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడదు. అమ్మ మూయడం మరిచిపోయేది, నేనూ మరిచిపోయేదాన్ని. కరెంటు బిల్లు వచ్చిన ప్రతిసారీ పరమేశ్ మా ఇద్దరికీ ఉపన్యాసం ఇచ్చేవాడు. ఒకరోజు ఉపన్యాసం మానేసి, ఫ్రిజ్ పక్కన ఏదో బిగించాడు. అప్పటి నుంచి తలుపు కాసేపు తెరిచి ఉంటే అది వీధి చివరి దాకా వినబడేలా అరుస్తుంది. మొదటిసారి అరిచినప్పుడు అమ్మ చేతిలోని పెరుగు గిన్నె నేల మీద పడింది. వాడు సోఫాలో పొట్ట పట్టుకుని నవ్వాడు.

చెప్పాను. మల్లిక నోరు తెరిచింది.

“నేను కంపెనీదే అనుకున్న అక్కా! ఎన్నిపార్లు చెవులు మూస్కున్ననో. మా పార్టు మీ ఫ్రిజ్‌కు పెట్టిండా? దొంగ సచ్చినోడు!”

అలవాటుగా అనేసి ఆగిపోయింది. చెన్నయ్య చెట్టు వైపు చూశాడు. నాకు నవ్వొచ్చింది. ఆ తిట్టు వాడికి రోజూ పడేదే. ఇవాళ పూర్తిగా సరిపోయింది. నేను నవ్వడం చూసి మల్లిక కూడా నవ్వింది. తర్వాత కాసేపు ఇద్దరం నవ్వలేదు.

“సరే” అంది మల్లిక కళ్లు తుడుచుకుని. “బజార్ల కొత్త బజర్ దొరుకుతది. ఇప్పుడే అతికించి, మోగించి, కొత్త ఫొటో పంపుదాం. పాత ఫొటో అప్పటిది అని చెప్పొచ్చు. ఖతం.”

“అప్పుడు విన్నది ఎవరు?”

“ఎవలైతేంది అక్కా? మోగుతది గద.”

“విన్నానని పరమేశ్ పేరుతో రాశాం. కింద సంతకం కూడా వాడిదే.”

“మరి నిజం జెప్తే పక్కకు పెడ్తరు. కాకికి ఏం జెప్తవ్?”

మల్లిక తాండూరులోనే ఆగిపోవాల్సిన మనిషి, నాతో పాటు రైలెక్కి వికారాబాద్ దాకా వచ్చింది. ఒడిలో చెన్నయ్య గోడ నుంచి ఊడదీసిన టిఫిన్ డబ్బా. ఎదుటి సీటాయన మూత మీది రాత చదివి, మరి ఏముందమ్మా అని అడిగాడు. తెలుసుకుంటున్నాం అన్నాను.

ఇంటి గేటు దగ్గరే ఫ్రిజ్ అరుపు వినబడింది. లోపలికి వెళ్తే అమ్మ ఫ్రిజ్ ముందు నిలబడి ఉంది. తలుపు తెరిచే ఉంది. చేతిలో ఏమీ లేదు. లోపలి నుంచి ఏమీ తీయడం లేదు. బజర్ అరుస్తోంది, అమ్మ వింటోంది. మమ్మల్ని చూసి తలుపు మూసి, “కరెంటు బిల్లు నేను కడ్త తీ” అంది.

ఇది మొదటిసారి కాదు. అంతకు ముందు కూడా చూశాను. వంటింట్లోకి వెళ్లకుండా అటు నుంచి అటే తిరిగి వెళ్లిపోయాను.

మల్లిక ఫ్రిజ్ పక్కన బిగించిన బజర్‌ను చూసింది, చెన్నయ్య స్క్రూలను చూసింది. టిఫిన్ డబ్బాను బల్ల మీద పెట్టి, లాప్‌టాప్ తెరిచి నా వైపు తిప్పింది.

“నువ్వే రాయి” అంది. “ఉన్నది ఉన్నట్టు రాయి.”

వాడి గురించి అడిగిన వాళ్లందరికీ నేను అప్పటిదాకా లేడు అనే చెప్పాను. స్కూల్లో, బ్యాంకులో, ఫోన్లో. లేడు అంటే బజారుకు వెళ్లాడు అని కూడా కావచ్చు. తప్పులాయనకు ఆ మాట చాలదు. ఆయన వెంటనే అడుగుతాడు, లేకపోతే ఎక్కడున్నాడు అని. నా పేరుతో కొత్త ఉత్తరం మొదలుపెట్టాను. ఈసారి గౌరవనీయులైన అని రాయలేదు.

‘పరమేశ్ చనిపోయాడు. పోయిన ఉత్తరం రాసింది నేను, వాడి అక్కను. ఫైలు వాడిదే. మీరు చెప్పిన దిద్దుబాట్లు వాడితో పనిచేసిన మల్లిక చేసింది. బోర్డు మీద బజర్ లేదు. షెడ్డు మోతలో వినబడదని వాడు దాన్ని తీసి మా ఇంటి ఫ్రిజ్‌కు పెట్టాడు. ఆ బోర్డు మీద మోగగా నేను వినలేదు. ఫ్రిజ్ మీద రోజూ వింటాను. మిమ్మల్ని దున్నపోతు అన్నది మాత్రం నిజంగా వాడే.’

“చివరిది అవసరమా?” అంది మల్లిక.

“ఉన్నది ఉన్నట్టు అన్నావు.”

పంపాను. మల్లిక రెండు చేతులతో మొహం మూసుకుంది. “పాయె. కాకి నన్ను ఏడ కనబడితే ఆడ పొడుస్తది.”

జవాబు వచ్చినప్పుడు నేను స్టాఫ్ రూములో ఉన్నాను. ఫోను చాటుగా చదివాను.

‘చెప్పినందుకు కృతజ్ఞతలు. విచారిస్తున్నాను. ఇక ఫైలు. బోర్డు మీద బజర్‌కు చోటు ఉంది, బజర్ లేదు. అలాంటప్పుడు వివరణ తీసేయకండి. ఉంచి, స్థితి దగ్గర డిసేబుల్డ్, అంటే పనిలో లేదు, అని రాయండి. ఎవరైనా బజర్ పెట్టుకున్న రోజున ఆ ఒక్క మాట మార్చుకుంటారు. రచయిత పేరు ఆయనదే ఉండాలి. మొదటి ప్రతుల మీద ఆయన చేసిన సంతకం చెల్లుతుంది. దిద్దిన వారు కింద తమ పేరు రాయాలి. ఇకమీదట ఆయన పేరుతో నాకు రాయకండి. మోటారు విషయంలో ఆయన వాదించిందే సరైనది. నాకు ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది, కాబట్టి దున్నపోతు అన్నది కూడా నిలుస్తుంది. నలభై ఒకటో వరుసలో ట్యాబ్ మీట కొట్టాల్సిన చోట ఖాళీలున్నాయి. సరిచేసి పంపండి.’

నేను కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. తర్వాత మల్లికకు ఫోన్ చేసి చదివి వినిపించాను. అంతా వింది.

“గీడ గూడ ట్యాబ్ ఇడ్వలే సూడు!” అని చివరికి ఏడుస్తూ అరిచింది. “గంత చెప్పినంక గూడ ట్యాబ్!”

ఆ సాయంత్రం నలభై ఒకటో వరుస సరిచేసింది. బజర్ కింద ఆ ఒక్క మాట రాసింది. మళ్లీ నేను పైకి చదివాను, ఆమె ఈసారి బోర్డు మీదనే వేలు పెట్టింది. బజర్ దగ్గరికి వచ్చేసరికి వేలు రెండు రంధ్రాల మీద పెట్టి, “ఉన్నది” అంది. కొద్ది రోజులకు, తీసుకున్నాం అని ఒక్క మాట వచ్చింది. పైన వాడి పేరు, కింద మల్లిక పేరు.

“ఏమన్నడు తప్పులాయన?” అని అమ్మ అడిగింది.

“ఒప్పుకున్నాడమ్మా.”

“తప్పుల్లేవా?”

“చివరికి లేవు.”

“పాపం” అంది అమ్మ. “ఇగ ఆయినెకు ఏం తోస్తది?”

కాకికి చెప్పాలని మల్లిక పట్టుబట్టింది. మాట ఇచ్చింది తను కాబట్టి కాదనలేకపోయాను. మటన్ వండించి, మా మేడ మీది పిట్టగోడ మీద ఆకు పరిచింది. ఈసారి సోల్డరింగ్ తీగ తేలేదు. ముగ్గురం మెట్ల దగ్గర కూర్చున్నాం. కాకి పిలవకముందే వచ్చింది. అదే కాకి అంది మల్లిక. దోమ కాకి వికారాబాద్‌కు ఎందుకొస్తుంది అన్నాను. బస్సులున్నయి గద అంది అమ్మ.

కాకి ఆకు దగ్గరకు గెంతి, మటన్ ముక్క ముక్కుతో పట్టుకోబోయింది. అప్పుడే కింద వంటింట్లో ఫ్రిజ్ అరవడం మొదలుపెట్టింది. పెరుగు తీసి పైకి వచ్చేటప్పుడు అమ్మ తలుపు మూయలేదు. కాకి ఉలిక్కిపడి మటన్ వదిలేసి, అనంతగిరి గుట్టల వైపు ఎగిరిపోయింది.

“దొంగ సచ్చినోడు” అంది మల్లిక, “తిననియ్యడు.”

కింద అది అరుస్తూనే ఉంది. తలుపు మూయాలి, ఎవరో ఒకరు లేవాలి. ముగ్గురిలో ఎవరమూ లేవలేదు.